ఆటు వేళ

మూడు రాత్రులు వరసగా మంచం దిగింది.
మూడుసార్లూ నేలమీదే దొరికింది
ఎదెల్మీరా చిగ్వాయ్.
ఎనభై ఏడేళ్ళు. తుంటిలో కొత్త మేకు.
ఒక్క కాలికే మేజోడు.

గురువారం పొద్దున సమావేశం.
ఈ దీవి ఆసుపత్రిలో అందుకంటూ గది లేదు.
ఉతికిన దుప్పట్ల మధ్య, కట్టెల పొయ్యి చుట్టూ,
ఎవరి కాగితాలు వాళ్ళ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాం.
బయట వాన. చిలోయేలో వాన గురించి చెప్పడమంటే
చేపకు నీళ్ళ గురించి చెప్పడం.
వదిలేస్తున్నాను.

డాక్టర్ ఒవాయే అంది:
"రాత్రిళ్ళు మతి తప్పుతోంది.
నిద్రకేమైనా ఇద్దామా?"

నేను మందుల మనిషిని.
మూత్రం మాత్ర సాయంత్రం పడుతోంది,
పొద్దుటికి మార్చమని సోమవారమే రాయాల్సింది.
రాయలేదు.
ఆ ఒక్క మాట బయటికి రావడానికి
రెండు గుక్కల వేడినీళ్ళు పట్టాయి.
ఎవరూ నన్నేమీ అనలేదు.
అదే ఎక్కువ గుచ్చుకుంది.

నడక నేర్పే నిబాల్దో బుర్ర గోక్కున్నాడు.
"పగలు నాతో నాలుగడుగులు వెయ్యదు.
రాత్రి తలుపుదాకా ఎలా పోయింది?
కర్ర మంచం దగ్గరే వదిలేసి
బకెట్ పట్టుకుని పోయిందట."
అవును, తుడిచే బకెట్.
అందరం చూశాం దాన్ని.
ఎవరమూ చదవలేదు.

రాత్రి నర్సు యాస్నా, కళ్ళు మూతలు పడుతుంటే,
తను రాసుకున్న గంటలు చదివింది:
మంగళవారం ఒంటిగంటా పది.
బుధవారం రెండు.
ఇవాళ రెండూ యాభై.

పొయ్యిలో కట్టె పెట్టడానికొచ్చిన రొసామెల్,
నేల తుడిచేవాడు, మా సమావేశంలో కుర్చీ లేనివాడు,
కట్టె చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు.
"అది ఆటు వేళ కదండీ," అన్నాడు.
"నీళ్ళు వెనక్కి తీసే వేళ.
రోజుకో యాభై నిమిషాలు జరుగుతూ పోతుంది.
డెబ్భై ఏళ్ళు ఆల్చిప్పలు తవ్విన మనిషి.
కిటికీ సందులోంచి తడి ఇసుక వాసనొస్తే
పడుకుంటుందా?"

పొయ్యి చిటపటమంది. మేం మాట్లాడలేదు.
ఆమె చార్టు నిండా మేం రాసినవన్నీ పోట్లే:
తలపోటు, పక్కపోటు,
నాలుగేళ్ళ కిందటి గుండెపోటు.
ఆటు గురించి ఒక్క అక్షరం లేదు.

రేవు ఆఫీసు నుంచి ఆటుపోట్ల పట్టిక తెచ్చి
మందుల పట్టిక పక్కనే అంటించాం.
నిద్రమాత్ర కొట్టేసింది డాక్టర్, రెండు గీతలతో.
నా మాత్ర పొద్దుటికి జరిగింది.
నిబాల్దో పాఠం మధ్యాహ్నపు ఆటుకి జరిగింది:
ఆ వేళకి పిలిస్తే నాలుగు కాదు,
పదకొండడుగులు వేసింది, మధ్యలో అతన్ని తిడుతూ.
రొసామెల్‌కి కుర్చీ వేశాం.
కూర్చోడు. నిలబడే చెబుతాడు.

అంతా కుదిరిపోయిందని రాస్తే అబద్ధం.
రెండో వారంలో మళ్ళీ ఒకసారి పడింది,
పట్టిక చూడాల్సినవాళ్ళం చూడని రాత్రి.
ఆ రాత్రి ఎవరిదో మేం వెతుక్కోలేదు.
అది అందరిదీ.

కానీ ఆ మొదటి శనివారం నాకు గుర్తుంది.
తెల్లారగట్ల నాలుగున్నర.
మందుల బీరువా తాళం వేసి వస్తున్నాను.
ఆమె కళ్ళు తెరిచేసరికే
యాస్నా మంచం పక్కన ఉంది,
ఇంటినుంచి తెప్పించిన రబ్బరు బూట్లతో.
కుడికాలు, ఎడమకాలు తొడిగి,
నిబాల్దో చూపించినట్టు చంక కింద చెయ్యేసి,
రొసామెల్ ఆరబెట్టి ఉంచిన నేలమీదుగా
మెల్లగా కిటికీదాకా నడిపించింది.

చీకట్లో నీళ్ళు ఎంతదూరం పోయాయో
ఎదెల్మీరా చాలాసేపు చూసింది.
"ఇవాళ గాలి బాలేదు," అంది,
"దిగొద్దు."
తనే వెనక్కి తిరిగింది,
మంచం వైపు,
యాస్నాని జాగ్రత్తగా పట్టుకుని.